ఇంట్లోనే కాక్‌టెయిల్: షేకర్ లేకుండా, వంటింటి సామానుతో

కాక్‌టెయిల్ అనగానే మెరిసే షేకరు, మెలికలు తిరిగిన పొడవాటి స్పూను, అద్దాల అల్మారాలో వరుసగా సీసాలు కళ్ల ముందుకొస్తాయి. అవేవీ లేకుండానే మంచి డ్రింకు కలపొచ్చు. కొలత తప్పితే మాత్రం కుదరదు. ఐసు బాగోకపోతే అసలే కుదరదు. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉక్కపోతే కాబట్టి, చలిదేశాల వాళ్లు రాసిన పద్ధతిని ఉన్నదున్నట్టు పాటిస్తే గ్లాసులో నీళ్లే మిగులుతాయి. అందుకే ఇక్కడ రెసిపీల కన్నా ముందు కొలతలకీ ఐసుకీ ఎక్కువ చోటిచ్చాం.

ఇదంతా 21 ఏళ్లు నిండినవాళ్ల కోసం. ఆంధ్రప్రదేశ్‌లో చట్టం పెట్టిన వయసు అదే. సీలు, ఎక్సైజ్ హోలోగ్రామ్ ఉన్న సీసానే కొనండి. విడిగా పోసి అమ్మే సరుకులో మిథనాల్ ఉంటే రుచిని బట్టి పట్టుకోలేం. చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

కొలత: దగ్గు మందు మూత చాలు

క్వార్టర్ 180 మి.లీ., హాఫ్ 375, ఫుల్ 750. చిన్న పెగ్గు 30, పెద్ద పెగ్గు 60. ఒక్క కాక్‌టెయిల్‌లో మద్యం మొత్తం కలిపి 60 మి.లీ. దాటనివ్వొద్దు. మన దేశంలో తయారయ్యే విస్కీ, రమ్ము, వోడ్కా, జిన్ చాలావరకు 42.8 శాతం ఆల్కహాల్‌తో వస్తాయి. బయటి రెసిపీలు ఎక్కువగా 40 శాతం లెక్కలో రాసినవి. అంటే వాళ్లు 60 అన్నచోట మనం 56 పోస్తే అదే ఘాటు.

కొలవడానికి దగ్గు మందు సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూత బాగా పనికొస్తుంది. దాని మీద 5, 10, 15 గీతలు ఉంటాయి. శుభ్రంగా కడిగి కాక్‌టెయిల్‌కే విడిగా పెట్టుకోండి. దానికన్నా మంచిది మందుల షాపులో దొరికే సూది లేని 10 మి.లీ. సిరంజి, కొత్తది. నిమ్మరసం, పాకం లాంటి చిన్న కొలతలకి దాన్ని మించింది లేదు. 5 మి.లీ. నిమ్మరసం ఎక్కువైతే నాలుక వెంటనే పసిగడుతుంది, 5 మి.లీ. రమ్ము ఎక్కువైతే అంతగా తెలియదు. కాబట్టి జాగ్రత్త పడాల్సింది పులుపు, తీపి దగ్గర.

వంటింట్లో డిజిటల్ కాటా ఉంటే ఇంకా నిశ్చింత. సీసా మూత తీసి, జాడీని కాటా మీద పెట్టి, సున్నా చేసుకుంటూ పోయడమే. 60 మి.లీ. మద్యం దాదాపు 57 గ్రాములు తూగుతుంది, ఎందుకంటే ఆల్కహాల్ నీళ్ల కన్నా తేలిక. సమపాళ్ల చక్కెర పాకం 20 మి.లీ. సుమారు 25 గ్రాములు. నిమ్మరసం దాదాపు నీళ్లంతే బరువు.

టీ చెంచాలను నమ్మొద్దు. ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో లోతుంటాయి. 5 మి.లీ. పట్టేదనుకున్నది 3 పట్టొచ్చు, 7 పట్టొచ్చు. ఒక్కసారి సిరంజితో నీళ్లు పోసి చూసుకుంటే ఆ తర్వాత అదే చెంచా వాడుకోవచ్చు.

ఐసు: సగం డ్రింకు ఇదే

విశాఖ ఇళ్లలో ఫ్రీజరంటే వంజరం ముక్కలు, రొయ్యలు, తురిమిన కొబ్బరి. వాటి పక్కన మూత లేని ట్రేలో రెండు రోజులున్న ఐసు చేపల వాసన పీల్చుకుంటుంది. విడిగా ముక్క నోట్లో వేసుకుంటే తెలియకపోవచ్చు కానీ, జిన్‌లో కరిగితే మొదటి గుక్కలోనే బయటపడుతుంది. ఫిల్టర్ నీళ్లతో ఐసు పెట్టండి. గడ్డ కట్టగానే ట్రేలోంచి తీసి, గట్టి మూతున్న స్టీలు డబ్బాలోనో జిప్ కవర్లోనో వేసి మళ్లీ ఫ్రీజర్లో పెట్టండి. ట్రేని మళ్లీ నింపండి.

ఎంత కావాలో ముందే లెక్క వేసుకోవాలి. ఒక డ్రింకు షేక్ చేయడానికి 150 గ్రాములు, గ్లాసులోకి మరో 100. మామూలు ట్రే ముక్క 20 గ్రాముల పైచిలుకు ఉంటుంది, అంటే డ్రింకుకి పన్నెండు ముక్కల దాకా. నలుగురు, తలా రెండు డ్రింకులంటే 2 కిలోలు. ఉక్కకి కరిగేది కలుపుకుంటే రెండున్నర. ఇంట్లో ఉండే రెండు ట్రేలు ఒక్కసారికి అర కిలో ఇస్తే గొప్ప. అందుకే శనివారం సాయంత్రానికి గురువారం నుంచే మొదలుపెట్టాలి. చాలా ఇళ్లలో కాక్‌టెయిల్ పాడయ్యేది ఇక్కడే: మూడో డ్రింకుకి ఐసు అయిపోతుంది, ఉన్న నాలుగు ముక్కలతో లాగించేస్తారు.

ఫిషింగ్ హార్బర్ వైపు దొరికే దిమ్మ ఐసు చేపలు నిలవ ఉంచడానికి చేసింది, తాగే నీళ్లతో చేసింది కాదు. బకెట్లో సీసాలు చల్లబెట్టుకోవడానికి వాడుకోండి, గ్లాసులోకి మాత్రం వద్దు.

ఓల్డ్ ఫ్యాషన్డ్ (విస్కీ, పాకం కలిపి చేసేది) లాంటి డ్రింకుకి పెద్ద, అద్దంలాంటి ఐసు ముక్క కావాలంటే హాట్‌ప్యాక్ తీయండి, చపాతీలు పెట్టుకునేదే. అందులో లీటరు నీళ్లు పోసి, మూత పెట్టకుండా ఫ్రీజర్లో ఉంచండి. పక్కల నుంచీ అడుగు నుంచీ చలి లోపలికి వెళ్లదు కాబట్టి నీళ్లు పైనుంచి కిందికే గడ్డకడతాయి. గాలి బుడగలు, నీళ్లలోని ఉప్పులు కిందికి నెట్టుకుపోతాయి. పద్దెనిమిది గంటలకి తీస్తే పైన తేట దిమ్మ, అడుగున ఇంకా కొంచెం నీళ్లు ఉంటాయి. ఆ నీళ్లు పారబోయండి. ఇరవై నాలుగు గంటలు దాటితే అడుగు తెల్లగా గడ్డకట్టి, ఆ పొరని చెక్కాల్సొస్తుంది. నీళ్లు రెండుసార్లు మరిగిస్తే తేట ఐసు వస్తుందని చెబుతుంటారు. దానివల్ల పెద్ద తేడా రాదు, ఏ దిక్కు నుంచి గడ్డకడుతుందన్నదే అసలు విషయం. దిమ్మని కోయడానికి, పళ్లున్న బ్రెడ్డు చాకుతో చుట్టూ లోతుగా గీత పెట్టి, చాకు వీపు మీద అప్పడాల కర్రతో కొడితే గీత వెంబడి విడిపోతుంది. ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే కొడితే పగుళ్లిస్తుంది. పైనున్న తెల్ల మంచు కరిగి అద్దంలా అయ్యేదాకా, మన ఉక్కలో మూడు నాలుగు నిమిషాలు, ఆగాలి. ఆ ముక్క మీద మద్యం పోయడానికైనా ఇదే నియమం.

దంచిన ఐసు కావాలంటే ఉతికిన నూలు గుడ్డలో ముక్కలు కట్టి రోకలి బండతో నాలుగు దెబ్బలు వేయండి. గుడ్డ తడిని పీల్చుకుంటుంది, పొడిగా ఉన్న ఐసు మిగులుతుంది. మిక్సీలో వేస్తే సగం నీళ్లవుతుంది.

షేకర్ బదులు

వెడల్పు మూతి, బిగుతు మూత, 500 నుంచి 700 మి.లీ. పట్టే పాత్ర ఏదైనా షేకరే. స్క్రూ మూత స్టీలు డబ్బా అన్నిటికన్నా మేలు. మందంగా ఉన్న హార్లిక్స్ సీసా, ఊరగాయ సీసా కూడా నడుస్తాయి కానీ, వేడినీళ్లతో కడిగిన వెంటనే ఐసు వేస్తే గాజు పగులుతుంది. పల్చటి జామ్ సీసాల్ని ఐసు లోపల్నుంచే కొట్టి విరగ్గొట్టగలదు, వాటిని వదిలేయండి. జిమ్ముకెళ్లేవాళ్ల ప్రొటీన్ షేకర్ పర్వాలేదు, పాత వాసన లేకపోతే. ఏ డబ్బాకైనా మూతలోని రబ్బరు రింగుని ఊడదీసి వాసన చూడండి. ఆవకాయ పెట్టిన డబ్బా పది సార్లు కడిగినా రింగులో ఇంగువ, ఆవాలు దాక్కునే ఉంటాయి.

పోసే వరుస ముఖ్యం. ముందు నిమ్మరసం, తర్వాత పాకం, ఆ తర్వాత మద్యం, అన్నిటికన్నా చివర ఐసు. కొలత తప్పితే పారబోయాల్సింది రూపాయి నిమ్మరసమే అవుతుంది. ఐసు చివర్లో అంటే నిజంగా చివర్లోనే, మిగతావన్నీ డబ్బాలో పడ్డాకే ఫ్రీజర్ తలుపు తీయాలి. విశాఖ వంటింట్లో ప్లేటులో రెండు నిమిషాలు కూర్చున్న ఐసు చుట్టూ నీటి పొర కడుతుంది. షేక్ చేసేటప్పుడు ముక్కల సైజు కన్నా ఆ తడే డ్రింకుని పలచన చేస్తుంది. తడి ఐసే ఉంటే టీ జల్లెడలో వేసి ఒకసారి గట్టిగా దులిపి వాడండి.

డబ్బాలో మూడింట రెండొంతులకి మించి నింపొద్దు. మూత బిగించి, పైనొక చెయ్యి, అడుగున ఒక చెయ్యి పట్టి, భుజం ఎత్తులో ముందుకీ వెనక్కీ పన్నెండు నుంచి పదిహేను సెకన్లు జోరుగా ఊపండి. ఐసు ఒక చివర నుంచి ఇంకో చివరకి కొట్టుకునే చప్పుడు రావాలి. పక్కకి గలగలలాడిస్తే సరిపోదు. డబ్బా బయట చెమట పడితే చల్లబడినట్టే అని కొందరు చెబుతారు, కానీ పొడి గాలున్న ఊళ్లలో చెల్లే మాట అది. మన గాలిలో తేమకి డబ్బాలో చల్లనీళ్లు పోసినా క్షణాల్లో బయట చెమట పడుతుంది. కాబట్టి సెకన్లు లెక్కపెట్టండి. స్టీలు డబ్బా అయితే వేళ్లు నొప్పెట్టేంత చల్లగా అవ్వాలి.

లోపల జరిగేది ఇది: ఐసు గ్రాముకి 80 క్యాలరీల వేడిని లాక్కుంటూ కరుగుతుంది, ఆల్కహాల్ ఉండటం వల్ల మొత్తం ద్రవం సున్నా డిగ్రీల కన్నా కిందికి పోతుంది. 100 మి.లీ. పోసింది 130 నుంచి 150 దాకా అవుతుంది. ఈ నీళ్లు డ్రింకులో భాగమే. అవి లేకపోతే ఘాటు గొంతు పట్టుకుంటుంది, పులుపు పళ్లు జివ్వుమనిపిస్తుంది.

మూత రాకపోతే కంగారు పడొద్దు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుని మూతని లోపలికి లాగుతుంది. పొడి తువ్వాలుతో పట్టి తిప్పండి. లేదా చెంచా కొనని అంచు కింద పెట్టి కొంచెం ఎత్తితే గాలి దూరి వదులవుతుంది.

సోడా, కోలా, బీరు, గోలీ సోడా – గ్యాసున్నదేదీ డబ్బాలో వేసి ఊపకూడదు. మూత ఎగిరిపోతుంది, గాజైతే పేలుతుంది. వాటిని గ్లాసులోనే, చివర్లో, పక్క గోడ వెంబడి నెమ్మదిగా పోయాలి. సోడా బాగా చల్లగా ఉంటేనే గ్యాసు నిలుస్తుంది. వేడి సోడాని ఐసు మీద పోస్తే మొత్తం నురగై పోతుంది.

కలపడం, నలపడం, వడకట్టడం

పళ్లరసం, పాలు, గుడ్డు ఉన్నది షేక్ చేయాలి. మద్యం, పాకం తప్ప ఇంకేమీ లేనిది చెంచాతో కలపాలి. ఊపితే గాలి బుడగలు పట్టి విస్కీ మసకబారుతుంది. కలపడానికి చిన్న స్టీలు చెంబు చాలు. పది నిమిషాలు ముందే ఫ్రీజర్లో పెట్టండి, లేకపోతే చెంబుని చల్లబరచడానికే సగం ఐసు కరిగిపోతుంది. ఐసు, మద్యం వేసి పొడవాటి చెంచాతో చెంబు గోడని ఒరుసుకుంటూ ముప్పై నుంచి నలభై సెకన్లు తిప్పండి. పక్కన పెట్టి మాట్లాడుకోవద్దు, అక్కడ సెకన్లన్నీ నీళ్లే.

మూడో పద్ధతి మనకి పుట్టుకతో వచ్చిందే: రెండు గ్లాసుల మధ్య తిరగబోయడం. బార్లలోనూ దీన్ని ఒక విద్యగా నేర్పుతారు. టమాటా రసం లాంటి చిక్కటి వాటిని ఊపితే పల్చటి నురగై పాడవుతాయి. తిరగబోస్తే చల్లబడతాయి, చిక్కదనం పోదు. పై గ్లాసులో ఐసు ఉంచి, టీ జల్లెడ అడ్డుపెట్టి, నాలుగైదు సార్లు కిందికి పైకి పోయండి.

అల్లం, అనాస ముక్కలు నలపడానికి పప్పుగుత్తి. దాని గాళ్ల మధ్య పప్పు వాసన ఉంటుంది కాబట్టి ఒకటి విడిగా కొనుక్కోవడం మంచిది, ఎంతో కాదు. పుదీనాకి మాత్రం పప్పుగుత్తి వద్దు. ఆకుని చితక్కొడితే లోపలి చేదు, పసరు బయటికొస్తాయి. ఆకుల్ని అరచేతిలో పెట్టి ఒక్క చప్పట్టు కొడితే, లేదా గరిటె వెనకతో నాలుగుసార్లు అదిమితే చాలు, సువాసన వస్తుంది.

వడకట్టడానికి టీ జల్లెడ. కొత్తది, కాక్‌టెయిల్‌కే విడిగా. టీ పొడి మరక పట్టిన జల్లెడ ప్రతి డ్రింకులోనూ వగరు వదులుతుంది.

పులుపు, తీపి

మన నిమ్మకాయ కాక్‌టెయిల్‌కి చాలా తగినది, రెసిపీల్లో లైమ్ అని ఉన్నచోట నిస్సంకోచంగా వాడండి. రైతు బజార్లో పల్చటి తొక్క, నున్నటి మెరుపు ఉన్నవి ఏరుకోండి. గరుకు తొక్కవాటిలో రసం తక్కువ. కోసే ముందు గట్టు మీద అరచేత్తో ఒత్తి దొర్లిస్తే రసం బాగా దిగుతుంది. ఒక్కోదానికి 15 నుంచి 20 మి.లీ. వస్తుంది. చివరి చుక్క దాకా పిండితే తెల్ల పొర నుంచీ గింజల నుంచీ చేదు దిగుతుంది. పిండిన రసం ఆ పూటే అవగొట్టాలి. నిన్నటిది, సీసాలో కొన్నది, రెండూ వద్దు.

చక్కెర పాకం అంటే మిఠాయి పాకం కాదు. 200 గ్రాముల చక్కెర, 200 గ్రాముల వేడి నీళ్లు కలిపి కరిగించడమే, మరిగించక్కర్లేదు. సుమారు 320 మి.లీ. వస్తుంది. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. మసకబారినా, పైన తెల్ల తీగలు కనిపించినా పారబోయండి.

అనకాపల్లి అంత దగ్గర్లో ఉండగా బెల్లం పాకం చేయకపోవడం అన్యాయం. ముదురు రంగు బెల్లం 200 గ్రాములు దంచి, 150 మి.లీ. నీళ్లలో సన్నసెగ మీద కరిగించండి. బెల్లం పూర్తిగా కరగగానే దించేయాలి. తీగపాకం రానిస్తే ఫ్రిజ్‌లో గట్టిపడి, చల్లటి డ్రింకులో కలవకుండా అడుగున ముద్దలా కూర్చుంటుంది. వేడిగా ఉండగానే పల్చటి గుడ్డలో వడకట్టండి. ఇసుక, చెరుకు పీచు అందులో ఉంటాయి. ఇది డార్క్ రమ్ముకీ విస్కీకీ చక్కెర కన్నా బాగా నప్పుతుంది. వోడ్కా, జిన్‌లలో మాత్రం దాని మట్టి వాసన మిగతా రుచుల్ని తొక్కేస్తుంది. తేనె వాడాలంటే రెండు వంతుల తేనెకి ఒక వంతు వేడినీళ్లు కలిపి పెట్టుకోండి. నేరుగా వేస్తే ఐసు తగిలి బిర్రబిగుసుకుంటుంది.

ఇంకొక్కటి, ఉప్పు నీళ్లు. 80 మి.లీ. నీళ్లలో 20 గ్రాముల ఉప్పు కరిగించి చిన్న సీసాలో పెట్టుకోండి. పళ్లరసం ఉన్న ప్రతి డ్రింకులో రెండు మూడు చుక్కలు వేస్తే చేదు అణుగుతుంది, పండు రుచి పైకొస్తుంది. ఉప్పగా తెలిసిందంటే ఎక్కువైందన్నమాట.

డైకిరితో మొదలుపెట్టండి

క్యూబాలో శాంటియాగో దగ్గరి ఊరి పేరే ఈ డ్రింకుకి వచ్చింది. వైట్ రమ్ము 60 మి.లీ., నిమ్మరసం 20, చక్కెర పాకం 20. పన్నెండు సెకన్లు షేక్, చల్లబెట్టిన గ్లాసులోకి వడకట్టడం, అంతే. ఐసు వేయకుండా తాగాలి. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు. పులుపు మీకు ఎక్కువనిపిస్తే పాకం 5 పెంచండి, తీపనిపిస్తే నిమ్మరసం 3 పెంచండి. మీ నాలుకకి సరిపోయిన నిష్పత్తి దొరికాక జిన్‌తో, వోడ్కాతో, విస్కీతో అదే లెక్క నడుస్తుంది.

విస్కీతో చేస్తే పైన మెత్తటి నురగ కోసం పచ్చి గుడ్డు తెల్లసొన వేస్తారు. దానికి బదులు కాబూలీ శనగలు ఉప్పు లేకుండా ఉడికించిన నీళ్లు 20 మి.లీ. వాడండి, సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఉండదు. నీళ్లు పల్చగా ఉంటే కొంచెం మరిగించి, గుడ్డు తెల్లసొనంత జారుగా అయ్యాక చల్లార్చాలి. ముందు ఐసు లేకుండా పదిహేను సెకన్లు, తర్వాత ఐసుతో పన్నెండు సెకన్లు ఊపితే నురగ నిలబడుతుంది.

అనాస, మిరియాలు, డార్క్ రమ్ము

సింహాచలం వైపు, ఏజెన్సీ వైపు పండే అనాస బాగా పండింది తీసుకోండి, కాడ దగ్గర తీపి వాసన రావాలి. డబ్బా రసంతో ఈ నురగ, ఈ వాసన రావు. 100 గ్రాముల ముక్కల్ని డబ్బాలోనే పప్పుగుత్తితో బాగా నలిపి, నిమ్మరసం 15, బెల్లం పాకం 10, డార్క్ రమ్ము 45 మి.లీ., ఉప్పు నీళ్లు రెండు చుక్కలు, ఐసు వేసి పదిహేను సెకన్లు జోరుగా ఊపండి. తాజా అనాస రసం ఊపితే దానంతటదే తెల్లటి నురగ కడుతుంది. వడకట్టి, పైన అప్పుడే దంచిన మిరియాలు చిటికెడు. పండు బాగా తియ్యగా ఉంటే పాకం సగానికి తగ్గించండి. మద్యం లేకుండా కావాలంటే రమ్ము బదులు చల్లారిన అల్లం కషాయం 45 మి.లీ. పోయండి, అల్లం ఘాటు ఆ లోటు తీరుస్తుంది.

అరకు కాఫీ, వోడ్కా

వోడ్కా, కాఫీ కలిపి చేసే ఎస్ప్రెస్సో మార్టినీని 1980ల్లో లండన్‌లో డిక్ బ్రాడ్‌సెల్ తయారుచేశాడు. ఎస్ప్రెస్సో మిషన్ లేకున్నా మన ఫిల్టర్ ఉంది. చికోరీ కలపని అరకు కాఫీ పొడి 20 గ్రాములు, పై గిన్నెలో మెల్లగా నొక్కి, మరిగి దిగిన నీళ్లు 100 మి.లీ. పోయండి. పొడి తన బరువుకి రెండింతల నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి 60 మి.లీ. చిక్కటి డికాషన్ దిగుతుంది, రెండు డ్రింకులకి వస్తుంది. దాన్ని ఫ్రిజ్‌లో చల్లార్చి తీరాలి. వేడి డికాషన్‌తో షేక్ చేస్తే ఐసంతా క్షణంలో కరిగి, కాఫీ నీళ్లు మిగులుతాయి.

వోడ్కా 45, డికాషన్ 30, చక్కెర పాకం 20, ఉప్పు నీళ్లు ఒక చుక్క. పదిహేను సెకన్లు, మిగతా డ్రింకుల కన్నా జోరుగా. మిషన్ కాఫీకున్నంత నురగ ఫిల్టర్ డికాషన్‌కి రాదు. శనగల నీళ్లు 10 మి.లీ. కలిపితే ఆ తేడా కనిపించదు. రాత్రి పదింటికి తాగితే నిద్ర పట్టదు, భోజనం ముందే ఇవ్వండి.

బెల్లంతో ఓల్డ్ ఫ్యాషన్డ్

విస్కీ 60, బెల్లం పాకం 7 మి.లీ. చల్లటి చెంబులో ఐసుతో ముప్పై సెకన్లు కలిపి, పెద్ద ఐసు ముక్కున్న గ్లాసులోకి వడకట్టండి. దీనికి బిట్టర్స్ అనే చేదు చుక్కలు వేస్తారు. అవి దొరక్కపోతే, నాలుగు లవంగాలు, దాల్చినచెక్క చిన్న ముక్క, కమలాపండు పై తొక్క కొంచెం 60 మి.లీ. వోడ్కాలో ఒక రోజు నానబెట్టి వడకట్టుకోండి. రెండు రోజులు ఉంచితే లవంగం తప్ప ఇంకేమీ తెలియదు. డ్రింకుకి నాలుగైదు చుక్కలు. చివర్లో కమలా తొక్కని, తెల్ల పొర లేకుండా రెండు వేళ్ల వెడల్పున చెక్కి, గ్లాసు మీద మెలిపెట్టండి. నూనె తుంపర పైన పడాలి, వాసనంతా అందులోనే ఉంది.

బ్లడీ మేరీ

వోడ్కా, టమాటా రసంతో చేసే ఈ డ్రింకులో వాడే హార్స్‌రాడిష్ దుంప ఘాటూ, మన ఆవపిండి ఘాటూ ఒకే పదార్థం నుంచి వస్తాయి. ఇందులోనే వేసే వూస్టర్ సాస్‌లో చింతపండు ఉంటుంది. అంటే రెండింటికీ బదులు మన పోపుల డబ్బాలోనే ఉంది. ఆవపిండి పావు టీ చెంచా, చన్నీళ్లు ఒక చెంచా కలిపి పది నిమిషాలు పక్కన పెట్టండి; తడి తగిలాకే ఘాటు పుడుతుంది, వేడినీళ్లు పోస్తే పుట్టదు. టమాటాలు ఉడికించకుండానే మెత్తగా రుబ్బి వడకట్టిన రసం 120 మి.లీ., వోడ్కా 45, నిమ్మరసం 10, చింతపండు గుజ్జు అర చెంచా, ఆవపిండి ముద్ద, ఉప్పు, మిరియాలు, కారం చిటికెడు. రెండు గ్లాసుల మధ్య ఐసుతో తిరగబోసి, కొత్త ఐసు మీద పోయండి. వోడ్కా మానేసినా ఇది రుచిగానే ఉంటుంది.

పుదీనా మోజిటోకి పెద్దగా చెప్పాల్సింది లేదు: ఎనిమిది ఆకులు, నిమ్మరసం 20, పాకం 20, వైట్ రమ్ము 45, గ్లాసులోనే దంచిన ఐసుతో కలిపి, పైన చల్లటి సోడా 60. కొబ్బరి బొండం నీళ్లు 90, జిన్ 45, నిమ్మరసం 10 కూడా అంతే తేలిక. బొండం లేతదై ఉండాలి, ముదిరితే ఉప్పగా, బరువుగా ఉంటుంది.

పదిమంది వస్తే

నిమ్మరసం ఉన్నవి ముందే కలిపి పెట్టొద్దు. మద్యం, పాకం ఒక సీసాలో కలిపి ఉంచి, రసం అప్పటికప్పుడు చేర్చండి. ఓల్డ్ ఫ్యాషన్డ్ మాత్రం మధ్యాహ్నమే తయారుచేయొచ్చు: ఎనిమిది డ్రింకులకి విస్కీ 480, బెల్లం పాకం 55, మసాలా చుక్కలు సుమారు 2 మి.లీ., చల్లటి ఫిల్టర్ నీళ్లు 120 మి.లీ. మొత్తం ఒక ఫుల్ సీసాలో పడుతుంది. ఐసు కరిగి చేరాల్సిన నీళ్లని ముందే కలిపాం కాబట్టి మళ్లీ చెంబులో కలపక్కర్లేదు, ఫ్రిజ్‌లోంచి తీసి పెద్ద ఐసు ముక్క మీద 80 మి.లీ. చొప్పున పోయడమే. ఈ నీళ్లు కలపడం మరిచిపోతే అతిథులకి నేరుగా పెగ్గు ఇచ్చినట్టే, తియ్యగా ఉంటుంది కాబట్టి తెలియకుండా తాగేస్తారు.

60 మి.లీ. మద్యంలో 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, పళ్లరసంలో కలిపినా అంతే. తలా రెండు డ్రింకుల లెక్కనే సరుకు సిద్ధం చేసుకోండి. మధ్యలో నీళ్లు, తినడానికి వేయించిన పల్లీలో చేప ముక్కలో ఉండాలి. డ్రైవింగ్‌కి చట్టం పెట్టిన హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఒక్క పెద్ద పెగ్గుకే చాలామంది దాన్ని దాటేస్తారు. వచ్చేవాళ్లకి క్యాబ్ సంగతి ముందే చెప్పి ఉంచండి. మందులు వాడేవాళ్లకీ, గర్భిణులకీ మద్యం లేని గ్లాసు అడగకముందే ఇవ్వండి.

రుచి తేడా కొడితే

నీళ్లగా ఉందంటే ఐసు తడిదైనా అయ్యుండాలి, తక్కువైనా అయ్యుండాలి. తక్కువ ఐసు త్వరగా కరిగిపోయి, చల్లబరచకుండానే పలచన చేస్తుంది, డబ్బా సగం పైగా ఐసు ఉండాలి. చేదొచ్చిందంటే నిమ్మకాయని మరీ పిండారు, లేదా పుదీనా నలిపేశారు. రెండు చుక్కల ఉప్పు నీళ్లు కొంతవరకు కాపాడతాయి. ఘాటుగా, వేడిగా గొంతు దిగుతుంటే సరిపడా షేక్ కాలేదు, కొత్త ఐసుతో ఇంకో ఐదు సెకన్లు ఊపండి. అన్నీ సరిగ్గానే పోసినా చప్పగా ఉంటే సాధారణంగా పులుపు తక్కువ, 3 మి.లీ. నిమ్మరసం వేసి చూడండి. తియ్యగా, జిగటగా ఉంటే పాకం బెల్లందా చక్కెరదా చూసుకోండి, పై లెక్కన కాచిన బెల్లం పాకం సమపాళ్ల చక్కెర పాకం కన్నా చిక్కన. దాని బదులు ఇది పోస్తే ఐదింట నాలుగొంతులే పోయాలి.